వాచీ వెనక అంజినమ్మ పేరు

హోసూరు పాత్రల బజారులో మాదప్పను ఎరగనివాళ్లు ఉండరు. ఎరిగినవాళ్లలో పని తెచ్చేవాళ్లే ఈ మధ్య తగ్గిపోయారు. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కడం ఆయన పని. తెలుగు, తమిళం, కన్నడం, ఏది అడిగితే అందులో కరెంటు పెన్నుతో జుయ్యిమని రాసేస్తాడు. ఇప్పుడు అంగళ్లన్నీ మిషన్లు పెట్టుకున్నాయి. అయినా పొద్దున్నే వచ్చి, నా గాజుల అంగడి పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. ఇంటిపట్టున ఉండరాదా అంటే మొహం ముడుచుకుంటాడు. మొండి మనిషి. అందుకే నాకు ఇష్టం.

ఆయనకు పని నేర్పింది మురుగన్ అనే తమిళ మేస్త్రి. తమిళులు ఏం రాయాలన్నా ముందు పైన చిన్న మెలిక గీస్తారు, వినాయకుడి గుర్తుగా. మేస్త్రి పోయాడు కానీ ఆ మెలిక మాదప్ప చేతిలో ఉండిపోయింది. ఏ గిన్నె అయినా సరే, ముందు మెలిక, తర్వాతే పేరు.

మొన్నొక రోజు మా ముందు కారు ఆగింది. దిగింది యతీశ్. తళి దగ్గర గ్రీన్‌హౌసుల్లో గులాబీలు పండించి బాగా పైకొచ్చినవాడు. వెంట వాళ్లమ్మ అంజినమ్మ. ఒకప్పుడు గొర్రెలు కాసిన మనిషి, ఇప్పటికీ కాలికి చెప్పులు నిలవవు. ఆమెను తమలపాకులు కొనుక్కోమని పంపించి, యతీశ్ జేబులోంచి పెట్టె తీశాడు.

"మాదప్పన్నా, మా అమ్మ గిన్నెల మీద పేరు రాసింది నువ్వే కదా? అదే రాత దీని మీద కావాల."

పెట్టెలో చేతి వాచీ. పలకలా నలుచదరం. గంటలే కాదు, తేదీ, వారం, నెల కూడా చూపిస్తుంది. కింద నీలం ఆకాశంలో బుల్లి చందమామ. అమావాస్యకు దాక్కుంటాడట, పున్నానికి నిండుగా వస్తాడట. యతీశ్ ఆ పలకను దాని చట్రంలోనే పక్కకు జరిపి, తిరగేసి, టక్కుమని నొక్కాడు. చందమామా లేడు, గంటలూ లేవు, కొత్త కంచంలా నున్నటి స్టీలు మిగిలింది.

"గుర్రాల మీద ఆటాడేవాళ్లకు అద్దం పగలకుండా మొదట్లో ఇట్లా చేసినారంట," అన్నాడు.

"చందమామను వాచీలో చూడాల్నా? తల ఎత్తితే కనబడడా?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

యతీశ్ కోపం తెచ్చుకోలేదు. "కనబడతాడు శ్రీరామప్పా. కానీ ఇంత ఇరుకులో ఇన్ని చక్రాలు ఒకదాన్నొకటి తోసుకోకుండా తిరగతా ఉండాయి చూడు. అదే నాకు ముచ్చట."

మాదప్ప మా మాటలు వినడం లేదు. జరపడం, తిప్పడం, నొక్కడం, మళ్లీ జరపడం. ఆయన మొహంలో అంత సంతోషం నేను చాన్నాళ్లుగా చూడలేదు.

"వాచీ కొన్న అంగట్లో మిషనుతో రాసిస్తామన్నారు. నేనే వద్దన్నాను," అన్నాడు యతీశ్. "అమ్మ పేరు నా చేతికుండాలని నా ఆశ. అమ్మకు ఇంకా తెలీదు. ఒకటే మాటన్నా, తప్పు పడకూడదు. దీన్ని చెరిపేదానికి కాదు."

మాదప్ప తలూపాడు. ముందు ఒక చెంచా మీద రాసి చూశాడు. సాధనే కాబట్టి ఉట్టి పేరు రాశాడు, ముత్యాల్లా వచ్చింది. తర్వాత వాచీని పీట మీద బోర్లించి, గుడ్డతో తుడిచి, ఊపిరి బిగబట్టి పెన్ను ఆనించాడు. ఇది అసలు పని. అసలు పనిని ఆ చెయ్యి ఎట్లా మొదలుపెడుతుందో అట్లాగే మొదలుపెట్టింది. జుయ్యిమంది, ఆగింది. నున్నటి స్టీలు మీద మెలిక పడింది.

"ఇదేందన్నా?" యతీశ్ గొంతు మారిపోయింది.

మాదప్ప పెన్ను కింద పెట్టేశాడు. "చెయ్యి మోసం చేసిందప్పా. ఇన్నేండ్లు మిషన్లను తిట్టినాను. మిషనైతే ఇట్లా చేసుండదు."

చేతిలో గాజుల కట్ట పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

అంతలో అంజినమ్మ తమలపాకుల కట్టతో తిరిగొచ్చింది. మా ముగ్గురి చూపూ ఎక్కడుందో చూసి, తనూ వంగింది.

"ఒరేయ్, ఈ బిళ్ళ మీద నా పేరు ఎందుకు రాయించినావురా?"

"పేరా? యాడుందిమా?"

ఆమె ఆ మెలిక మీద బొటనవేలు పెట్టింది. "ఇదో, ఈడ. మన గిన్నెలన్నిట్లో ఉండేదే కదా. విందుల్లో ఊరోళ్ల గిన్నెలన్నీ కలిసిపోతే దీన్ని చూసే నావి ఏరుకుంటా. వాళ్లు తళిలో కొంటారు, వాటికి ఇది ఉండదు."

"మరి దాని కింద అక్షరాలు?"

"అవా? సింగారానికి అనుకున్నా," అని నవ్వింది.

యతీశ్ నవ్వలేదు. తల్లి మొహం వైపే చూస్తూ ఉండిపోయాడు. అమ్మకు చదువు రాదని తెలుసు. కానీ తన పేరు కూడా ఆమె ఇన్నేళ్లుగా చదువుకోలేదని ఆలోచించినట్టు లేడు.

మాదప్ప భయంభయంగా పెన్ను అందుకున్నాడు. "పేరు రాసేదా అప్పా?"

యతీశ్ వాచీని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంకేం రాస్తావన్నా. అమ్మ చదివేసింది."