కత్తెర మావయ్య తొడిగిన కోటు

మా నాటకశాలలో వేషాలు కుట్టే ఆయన్ని అందరూ కత్తెర మావయ్య అంటారు. నాకు మాత్రం సొంత మేనమామే. ఇరవై ఎనిమిదేళ్లుగా మెట్ల కింది గదిలో కుడుతున్నాడు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నిటారుగా నిలబడితే తలకి తగిలే పైకప్పు. గుండీలు కుట్టడం నా పని. తిట్లు తినడం కూడా నా పనే.

మావయ్యకి ఒక పిచ్చి ఉంది. కొత్తగా కుట్టినదాన్ని నేరుగా వేదిక ఎక్కనివ్వడు. "డబ్బున్నవాడి కోటు కొత్తపెళ్లికూతురిలా బిగుసుకుని ఉండదే. మోచేతుల దగ్గర మడతలు పడి, ఒంటికి అలవాటైపోయి ఉంటుంది" అంటాడు. అందుకని నాటకం రోజు పొద్దున్నే తనే తొడుక్కుని సాయంత్రందాకా తిరుగుతాడు. బట్టతోపాటు మనిషీ మారిపోతాడు. నౌకరు చొక్కా వేసుకున్న రోజు నాకు టీ కూడా తెచ్చిపెడతాడు. యజమాని కోటు వేసుకున్న రోజు నాకు దేవుడే దిక్కు.

ఆ రోజు ఆడబోయేది నవ్వుల నాటకం. యజమానీ నౌకరూ బట్టలు మార్చుకుంటారు. ఊరంతా నౌకరుకి దణ్ణాలు పెట్టి, యజమాని చేత నీళ్లు మోయిస్తుంది. నవ్వే ఓపిక మాకెక్కడిది? నాటకశాలని కొత్తాయన కొన్నాడు. వేషాలు అద్దెకి తెచ్చుకోవచ్చుగా, కుట్టుగది దేనికని మేనేజరుని అడిగాడట. ఇవాళే వచ్చి తేల్చేస్తానన్నాడట. గది పోతే ఈ వయసులో మావయ్యని ఎవరు పనిలో పెట్టుకుంటారు? నాకు ముద్ద దిగలేదు. ఆయన మాత్రం యజమాని వేషానికి కుట్టిన ఊదారంగు కోటులో కాలు మీద కాలేసుకుని తెరకి అంచు కుడుతున్నాడు.

మధ్యాహ్నం ఒకాయన గుమ్మంలోంచి తొంగిచూశాడు. మోకాళ్లదాకా దుమ్ము, చొక్కా నిండా మసి, జుట్టులో బూజు. వేదిక కింద దూలాలు బాగుచేస్తున్న వడ్రంగుల్లో ఒకడనుకున్నాం.

"ఏమయ్యా, చూస్తూ నిలబడ్డావేం? వచ్చి ఈ తెర పట్టుకో" అన్నాడు మావయ్య.

"చిత్తమండి" అంటూ ఆయన చేతులు తుడుచుకుని పట్టుకున్నాడు.

"అలా లాగకు! అది గుడ్డ, గేదె కాదు."

"తప్పయిందండి."

పాపం, అరగంట అలాగే పట్టుకున్నాడు. మధ్యలో వినయంగా, "తమరు ఈ శాలకి పెద్దవారనుకుంటాను. కొత్త యజమాని గురించి ఏమంటారండి?" అన్నాడు.

"నేను చూడలేదు. కుట్టుగది తీసేస్తానన్నవాడికి నాటకమేం తెలుసయ్యా? అద్దె కోటు ఎవరికైనా పడుతుంది, ఎవర్నీ పెద్దమనిషిని చెయ్యదు. కాస్త పైకెత్తు."

ఆయన ఎత్తాడు. అంతలో మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "అయ్యా! దూలాలు చూస్తానని కిందికి దూరినవారు మళ్లీ కనబడలేదే! కొత్త యజమానిగారేరని పైన అందరూ వెతుకుతున్నారు." మేనేజరు దణ్ణం పెట్టింది కోటుకి కాదు, బూజుకి.

నా చేతిలోంచి గుండీల డబ్బా జారి గదంతా చెల్లాచెదరయింది. మావయ్య గబగబా కోటు విప్పేశాడు. లోపల భుజం దగ్గర చిరిగిన బనీను. అందరికీ కుట్టేవాడికి తన బనీను కుట్టుకునే తీరికేది?

కొత్తాయన కోటు వంక చూశాడు, బనీను వంక చూశాడు.

"అయితే నువ్వు దర్జీవా?"

"అవునండి" అన్నాడు మావయ్య.

"ఈ కోటు?"

"నేను కుట్టిందేనండి."

ఆయన ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. మిషను మీద చెయ్యేసుకుని, జుట్టులో బూజు రాలేలా నవ్వాడు. "నా జన్మలో ఎవరికీ చిత్తం అన్నవాణ్ణి కాదయ్యా! అరగంట తెర పట్టుకున్నాను, తిట్లు కూడా తిన్నాను. అదే అద్దె కోటులో ఉండి నువ్వు..." అని ఆగాడు. ఆ 'నువ్వు' ఆయన చెవికే గుచ్చుకున్నట్టుంది. ముఖం ఎర్రబడింది. "మీరు చెప్పుంటే వినేవాణ్ణా?"

తర్వాత మేనేజరు వైపు తిరిగి, "ఈ గది జోలికి ఎవరూ రావద్దు" అన్నాడు.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆ ధైర్యంతోనే, "కోటుకి ఇంకా మడతలు పడాలండి, సాయంత్రందాకా ఆయన ఒంటిమీదే ఉండాలి" అనేశాను.

కొత్తాయన కోటు అందుకుని దుమ్ము దులిపాడు. రెండు చేతులా విప్పి పట్టుకుని మావయ్య వెనక నిలబడ్డాడు. మావయ్య ఒక చెయ్యి దూర్చాడు, రెండోది దూర్చాడు, భుజాలు సర్దుకున్నాడు. సర్దుకుని నా వైపు ఉరిమి చూశాడు.

"గుడ్లప్పగించి చూస్తావేమే? గుండీలు ఏరు!"