దుప్పటి వెనక చెయ్యి

నిన్న రాజమండ్రిలో ఒక ఫోటో స్టూడియోకి వెళ్ళి, కూర్చున్న కుర్చీలోంచి లేవలేకపోయాను. మనవరాలి మొదటి పుట్టినరోజు ఆల్బంలో నాకు ఏడాది నిండినప్పటి ఫోటో కూడా పెట్టాలని మా కోడలికి సరదా పుట్టింది. మరకలు పడి నల్లబడ్డ ఆ ఫోటోని బాగుచేయమని తీసుకెళ్ళాను. స్టూడియో అమ్మాయి దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి, చీకటిగా ఉన్నచోట వెలుతురు పెంచి, "ఆంటీ, పాప వెనకాల ఎవరిదో చెయ్యి ఉందండి. తీసేయమంటారా?" అంది. దుప్పటి చాటునుంచి వచ్చి పాప నడుం పట్టుకున్న ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది. అది మా నాన్నగారి చెయ్యి. "దాని జోలికెళ్ళావంటే ఊరుకోను!" అని అరిచాను. పాపం, ఆ పిల్ల మౌస్ వదిలేసింది.

ఆ వేలు నేను పుట్టకముందే చెరకు గానుగలో పోయిందట. ఆ చెయ్యి నన్ను ముట్టుకున్న గుర్తు మాత్రం ఒక్కటీ లేదు. ద్రాక్షారామం దగ్గర మా తాతగారింట్లో నాన్నగారు గేదెదూడని పక్కన నిలబెట్టుకుని నిమిరేవారు గానీ నన్ను కాదు. "నాకంటే ఆ దూడ నయం" అని పెళ్ళయ్యాక కూడా దెప్పాను. ఆయన నవ్వేసి, తువ్వాలు దులుపుకుని లేచిపోయారు. మనసులేని మనిషని తీర్మానించేసుకున్నాను. ఆయన పోయిననాడు కూడా నేను మనసారా ఏడవలేదు.

అక్కణ్ణుంచే మేనత్తకి ఫోన్ చేసి ఆ చెయ్యి సంగతి చెప్పాను. ఎనభై దాటినా ఆవిడ గొంతు కంచు.

"ఇప్పుడా తెలిసింది నీకు? మీ తాత ఎదుట కన్నబిడ్డని ఎత్తుకుంటే ఇంకేమన్నా ఉందా! పెద్దవాళ్ళ ముందు ఆ ముద్దులేంటని తిట్టిపోసేవారు. ఆ రోజు ఫోటో తీసేవాడు వాకిట్లో కుర్చీ వేసి, వెనకాల దుప్పటి కట్టాడు. ఎదురుగా అరుగు మీద మీ తాత. నువ్వేమో కుర్చీలో నిలవవు, మీ అమ్మ పట్టుకున్నా ఒకటే ఏడుపు. అన్నయ్య చల్లగా దుప్పటి వెనక్కి దూరి చెయ్యి పెట్టాడు. అంతే, నువ్వు కిక్కురుమంటే ఒట్టు! రోజూ గది తలుపేసుకుని ఎత్తుకు తిప్పేవాడు కదే, ఆ చెయ్యి నీకు తెలీదా?"

"మరి ఆయన నాకెందుకు చెప్పలేదత్తా?"

"చెప్పుకునే మనిషా అన్నయ్య?"

ఇన్నేళ్ళూ నేను ఎవరిమీద కోపం మోశానో తలుచుకుంటే సిగ్గేసింది. తాతగారు పోయేనాటికి నాకు పన్నెండేళ్ళు. నాన్నగారు ఇక ఎవరికీ జడవనక్కర్లేని రోజు వచ్చేసరికి, నేను ఎత్తుకునే వయసు దాటిపోయాను.