పక్క సీట్లో మనిషి

పోయిన నెల ఒక తెల్లవారుజామున, కాఫీ ఇంకా కలపక ముందే, నా ఫోను వంటింటి గట్టు మీద గుర్రుమంటూ జరిగింది. మా మేనల్లుడు మెల్‌బోర్న్ చలి తప్పించుకోవడానికి పెళ్ళాంపిల్లలతో క్వీన్స్‌లాండ్ ఎండకి వెళ్తూ, తన పని వ్యాన్‌కి బిగించిన కెమెరా హెచ్చరికలు నా ఫోనుకి తగిలించి వెళ్ళాడు. వాడు ఎలక్ట్రీషియన్. ఆ వ్యాన్‌లో ఉన్న పనిముట్లకి ఉన్నంత భద్రత మా వంశంలో ఇంతవరకూ ఏ మనిషికీ లేదు. తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క కనిపించింది, వ్యాన్‌లో మనిషి ఉన్నాడని. దాని కింద మసకగా ఒక ఫొటో. మంచు పట్టిన అద్దం పక్కన, డ్రైవరు పక్క సీట్లో, టోపీ కళ్ళ మీదికి లాక్కుని కదలకుండా కూర్చున్న ఆకారం. వీడియో చూడాలంటే కాసేపు ఆగమని ఒక చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

ఆ చక్రం తిరిగినంతసేపూ నా వెన్ను చల్లబడుతూనే ఉంది. దొంగ అనుకుని కాదు. ఆ కూర్చున్న తీరు నాకు తెలుసు. పాతికేళ్ళ కిందట ఆ మనిషిని నా చేతులతో నేనే తయారు చేశాను.

మన తరం వాళ్ళకి ఆ రోజులు కొత్తగా చెప్పక్కర్లేదు. కంప్యూటర్లకి సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకునే పిసినారితనం ఉండేదనీ, రెండువేల సంవత్సరం రాగానే అవన్నీ పందొమ్మిది వందల్లోకి జారిపోతాయనీ, విమానాలు రాలిపడతాయనీ అందరం భయపడ్డాం కదా, ఆ ఉపద్రవం నుంచి ప్రపంచాన్ని కాపాడటానికి అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని మెల్‌బోర్న్‌లో దిగిన రక్షకుల్లో నేనొకణ్ణి. జనవరి ఒకటో తారీఖు వచ్చింది. ప్రపంచం ఆగలేదు, నా ఉద్యోగం ఆగింది. పని మరీ శ్రద్ధగా చేస్తే వచ్చే నష్టం ఇదేనని మా బావతో అన్నాను. ఆయన నవ్వలేదు. పెట్టె తెచ్చుకుని ఇంటికి వచ్చెయ్యమన్నాడు.

మా అక్కా బావా ఉండేది మెల్‌బోర్న్ ఊరి చివర, క్రెయిగీబర్న్‌లో. అప్పటికి అక్కడ ఇళ్ళకన్నా గడ్డిబీళ్ళు ఎక్కువ. వాళ్ళది వీధిలో ఆఖరి ఇల్లు. దాని తరువాత ఒక కంచె, కంచె తరువాత ఏమీ లేదు. చలికాలం పొద్దున్న ఆ ఏమీ లేనితనంలోంచే పొగమంచు లేచి, కంచె దాటి, ముందు మా పంపుని, తరువాత మెయిల్‌బాక్సుని, ఆఖరికి వాకిట్లో ఉన్న తెల్ల వ్యాన్‌ని మింగేసేది. అప్పుడప్పుడు ఆ మంచు అంచున రెండు మూడు కంగారూలు నిటారుగా నిలబడి, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలా మాట్లాడకుండా మావైపు చూసేవి.

మా బావది బెజవాడ ఆటోనగర్‌లో మోటార్లకి వైండింగ్ చేసిన చెయ్యి. ఇక్కడికొచ్చి, మీసం నెరుస్తున్న వయసులో కుర్రాళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ చదివి, లైసెన్సు తెచ్చుకుని, కొన్నేళ్ళు ఒకాయన దగ్గర పనిచేసి, చివరికి సొంతంగా ఆ తెల్ల వ్యాన్ కొనుక్కున్నాడు. ఇల్లేమో రెండు గదుల అద్దె ఇల్లు. ఒకటి వాళ్ళది, ఇంకోటి ముగ్గురు పిల్లలది. నాకు గరాజ్ ఇచ్చారు. ఇల్లరికపు అల్లుళ్ళని లోకం చాలామందిని చూసింది గానీ, ఇల్లరికపు బావమరిదిని నేనేననుకుంటాను. పరుపు వేశారు, హీటర్ పెట్టారు, గోడకి బోలెడన్ని మేకులు కూడా ఉన్నాయి, చొక్కాలు తగిలించుకోవడానికి.

ఆ గోడ మాత్రం కాస్త అదోలా ఉండేది. ప్రతి మేకు చుట్టూ నల్లసిరాతో ఏదో ఒక ఆకారం గీసి ఉండేది. ఒకటి పొడుగ్గా, ఒకటి కొడవలిలా, ఒకటి నోరు తెరిచిన పక్షిలా. పోలీసులు శవాన్ని తీసేశాక నేల మీద మిగిలిన సుద్దగీతల్లా, గోడ నిండా లేని వస్తువుల నీడలు. రాత్రి దీపం ఆర్పబోయే ముందు అవి నావైపే చూస్తున్నట్టుండేవి. ఇంతకుముందు అద్దెకున్నవాడెవడో పిచ్చివాడై ఉంటాడని తేల్చుకుని, ఆ పక్షినోటి మీద నా ఇంటర్వ్యూ టై వేలాడదీశాను.

చలికాలం మొదట్లో ఒక పొద్దున్న మా అక్క కేక విని బయటికి పరిగెత్తాను. వ్యాన్ పక్క తలుపుని పైఅంచు పట్టుకుని అరటితొక్క వలిచినట్టు కిందికి వంచేశారు. లోపల డ్రిల్లు లేదు, మీటర్లు లేవు, ఆటోనగర్ నుంచి తెచ్చుకున్న కటింగ్‌ప్లేయర్ లేదు. అద్దానికి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ మాత్రం చెక్కుచెదరకుండా ఊగుతున్నాయి. అంతకన్నా పెద్ద నష్టం జరక్కుండా అవే కాపాడాయంది మా అక్క. వాటిని అవి కాపాడుకున్నాయన్నాను నేను. బావ ఆ వంగిన రేకుని అరచేత్తో నెమ్మదిగా నొక్కుతూ నిలబడ్డాడు, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

మర్నాడు సైటులో బిల్డరు తెగేసి చెప్పాడట, ఖాళీ చేతులతో వచ్చే ఎలక్ట్రీషియన్ తనకి అక్కర్లేదని, ఈసారికి సరే గానీ ఇంకోసారి ఇలా జరిగితే వేరేవాణ్ణి చూసుకుంటానని. అంటే మరొక్కసారి వ్యాన్ తెరుచుకుంటే, అన్నేళ్ళ చదువూ లైసెన్సూ అటకెక్కి, బావ మళ్ళీ ఇంకొకడి కింద చేరాల్సిందే. ఎలాగో తంటాలు పడి మళ్ళీ పనిముట్లు సమకూర్చుకున్నాడు. తలుపులకి బయట రెండేసి తాళాలు బిగించాడు. వెనక తలుపులు తెరుచుకోకుండా వ్యాన్‌ని గోడకి ఆనించి నిలిపేవాడు. ప్రతి స్పానరు మీదా పేరు చెక్కాడు. రాత్రిపూట ఇందులో పనిముట్లు ఉండవని ఒక స్టిక్కరు కూడా అంటించాడు. దొంగలు చదువుకున్నవాళ్ళయితే ఇబ్బంది లేదన్నాను.

నా వంతు సాయంగా దిష్టిబొమ్మ తయారు చేశాను. హాస్యానికే చేశాను, ఒప్పుకుంటున్నాను. పాత జీన్సులో నా కోబాల్ ప్రింటవుట్లు ఉండలు చుట్టి కూరాను. ప్రపంచాన్ని కాపాడిన కాగితాలు, ఒక వ్యాన్‌ని కాపాడలేవా అని. తలకాయ ఇక్కడ దొరికే బూడిదరంగు తోలు గుమ్మడికాయ. దాని మీద టోపీ, ఒంటికి బావ పాత కంపెనీ చొక్కా, పైన మెరిసే పసుపుపచ్చ జాకెట్టు. చొక్కా జేబు మీద బావ పేరు కుట్టి ఉంది. అది చూసి మా అక్క లబలబలాడింది.

"బతికున్న మనిషి పేరున్న చొక్కా దిష్టిబొమ్మకి తొడుగుతావురా? నీకు బుద్ధుందా?"

"పేరు లేకపోతే దొంగలు ఎలా పలకరిస్తారే అక్కా?"

రోజూ సాయంత్రం దాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టడం, పొద్దున్న ఏడింటికి దింపడం నా పని. ఆ ఏడాది నాకున్న ఒకే ఒక్క ఉద్యోగం అది. వీధిలో వారం తిరక్కుండా రెండు వ్యాన్లలో పనిముట్లు పోయాయి, మావి పోలేదు. గర్వంగా ఉండేది. భోజనాల దగ్గర, బొమ్మ ఈ వారం కూడా సెలవు పెట్టలేదని ఘనంగా ప్రకటించేవాణ్ణి. బావ తలవంచుకుని పెరుగన్నం కలుపుకునేవాడు.

తరువాత కొన్ని చిన్నచిన్న తేడాలు కనబడసాగాయి. ఒడిలో పెట్టిన చెయ్యి ఒక పొద్దున్న డాష్‌బోర్డు మీద ఉంది. వ్యాన్ ఏటవాలుగా ఉంది, జారి ఉంటుందనుకున్నాను. ఇంకోరోజు టోపీ వెనక్కి తిరిగి ఉంది. గాలనుకున్నాను, తలుపులన్నీ మూసున్న వ్యాన్‌లో. గుమ్మడికాయ చెంపలు నెమ్మదిగా లోపలికి పీక్కుపోయి, నేను నవ్వుతున్నట్టు గీసిన నోరు ఏదో చెప్పబోయి ఆగినట్టు తయారైంది. ఒకరోజు నేలంతా మంచు గట్టిపడి గడ్డి చెప్పుల కింద పటపటమంటుంటే, తలుపు తెరవబోయి ఆగాను. మిగతా అద్దాలన్నీ మామూలుగానే ఉన్నాయి. బొమ్మ పక్కనున్న అద్దానికి మాత్రం లోపలివైపు నుంచి ఆవిరి పట్టి ఉంది. ఊపిరి ఆవిరి. గబగబా బొమ్మని లాగి బయటపడేసి, దాని కింద సీటు మీద చెయ్యి పెట్టి చూశాను.

వెచ్చగా ఉంది.

కోబాల్ అంత వేడి పుట్టిస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు అని జోకు వేసుకున్నాను గానీ, వినడానికి అక్కడ ఎవరూ లేరు. కంచె అవతల కంగారూ ఒకటి ఉంది. అదీ నవ్వలేదు.

ఆ సాయంత్రమే పక్కింటి ఇటలీ మామ్మ, కంచె మీదుగా నిమ్మకాయలు అందిస్తూ, తన ముక్కల ఇంగ్లీషులో నన్ను చివాట్లు పెట్టింది. ఆ వ్యాన్‌లో పడుకునే మనిషి ఎవరో గానీ పాపం చలికి చచ్చిపోతాడు, ఒక దుప్పటైనా ఇవ్వరేం అంది. అది బొమ్మ మామ్మా, గుమ్మడికాయ అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. నిన్న పొద్దున్న చర్చికి వెళ్తూ తను చెయ్యి ఊపిందట. గుమ్మడికాయ కూడా తిరిగి చెయ్యి ఊపిందట. ఎడం చెయ్యి.

ఆ రాత్రి గోడ మీది నీడలకి వీపు పెట్టి పడుకున్నాను. నిద్ర రాలేదు. అయిదున్నరకి ఇక ఆగలేక, చేతికి దొరికిన ఇస్త్రీపెట్టె ఆయుధంగా పట్టుకుని బయటికి వచ్చాను. మంచు ఎంతలా కమ్మిందంటే నా పాదాలు నాకు కనబడటం లేదు. వ్యాన్ దగ్గరికి వెళ్ళేసరికి పక్క సీట్లో అది ఉంది. టోపీ కిందికి దించుకుని, జాకెట్టు బొత్తాలన్నీ పెట్టుకుని, కదలకుండా. దాని చొక్కా మీద బావ పేరుంది కదా అని, ధైర్యం కోసం అలవాటైన వెటకారమే తెచ్చుకుని అద్దం మీద తట్టాను.

"ఏం బావా, ఇవాళ పన్లోకి వెళ్ళవా?"

బొమ్మ నెమ్మదిగా నావైపు తల తిప్పింది.

ఇస్త్రీపెట్టె నా కాలి మీదే పడింది. అద్దం కొంచెం కిందికి దిగింది.

"అరవకురా. మామ్మ లేస్తుంది," అన్నాడు మా బావ.

కుంటుకుంటూ అవతలివైపు ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. వెనకాల, పనిముట్ల మధ్య, అసలు బొమ్మ వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూస్తోంది. బావ ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. ఎన్నాళ్ళ నుంచి ఇలా అంటే, మొదటివారం నుంచీనే అన్నాడు. రోజూ మూడింటికి లేచి, దాని టోపీ, జాకెట్టు తను వేసుకుని, దాన్ని వెనక పడుకోబెట్టి తను కూర్చుని, ఆరున్నరకి మళ్ళీ దాన్ని కూర్చోబెట్టి లోపలికి వెళ్ళి, ఏమీ ఎరగనట్టు స్నానం చేసేవాడట.

"బొమ్మని చూసి దొంగ ఒకసారి ఆగుతాడు. రెండోసారి దగ్గరికొచ్చి చూస్తాడు కదరా."

"మరి నాకు చెప్పొచ్చు కదా!"

ఆయన టీ ఊదుకున్నాడు. "నీకున్నది ఆ ఒక్క ఉద్యోగమేనాయె. అదీ పీకేస్తే ఎట్లా?"

 మాట మార్చడానికి, మామ్మకి చెయ్యి ఎందుకు ఊపావు, పాపం హడలిపోయింది అన్నాను. హడలింది నేనే అనుకోండి. ఆయన వింతగా చూశాడు. నేనా, చేతులు చంకల్లోంచి బయటికి తీస్తేగా అన్నాడు. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగి చూశాం. గుమ్మడికాయ ఏమీ అనలేదు.

టీ తాగుతూ, ఇంత అవస్థ దేనికి, ఈ సామానంతా రాత్రిపూట లోపల పెట్టుకోవచ్చుగా అన్నాను. బావ కళ్ళు ఒక్క క్షణం గరాజ్ తలుపు మీదికి వెళ్ళాయి. వెంటనే టీ వైపు తిరిగిపోయాయి. అంతే. అంతకన్నా ఒక్క మాట అనలేదు, ఆ రోజూ, ఆ తరువాతా.

అప్పుడు గోడ మీది నీడలు ఒక్కొక్కటే నాకు అర్థమయ్యాయి. పొడుగాటిది డ్రిల్లు. కొడవలిలాంటిది రంపం. నోరు తెరిచిన పక్షి, నేను టై తగిలించిన పక్షి, ఆటోనగర్ కటింగ్‌ప్లేయర్. పనిముట్లు ఎప్పుడూ గరాజ్‌లోనే ఉండేవి, ఒక్కొక్కటీ తన గీతలో తను. జనవరిలో ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుడు పెట్టె పట్టుకుని దిగేసరికి, అవి వ్యాన్‌లోకి కాపురం మార్చాయి. పెళ్ళాం తోడబుట్టినవాణ్ణి అక్కడినుంచి లేపి ఇంకోచోట పడుకోమనడం మావైపు అల్లుళ్ళకి చేతనైన పని కాదు. దానికన్నా మంచులో కూర్చోవడమే ఆయనకి తేలికనిపించింది.

ఆ మధ్యాహ్నమే నా పరుపు హాల్లోకి లాగాను. గరాజ్‌లో కలలు సరిగా రావడం లేదని అక్కకి చెప్పాను. తమ్ముణ్ణి హాల్లో పడుకోబెట్టినందుకు ఆవిడ బావతో రెండురోజులు మాట్లాడలేదు.  మేం ఇద్దరం కలిసి డ్రిల్లుని దాని గీతలో తగిలించాం, సరిగ్గా సరిపోయింది. పక్షి మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. వారం తరువాత దొంగలు రానే వచ్చారు. ఖాళీ వ్యాన్ తలుపు వంచి చూసి, ఏమీ దొరక్క, బొమ్మని తీసి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, సీటుబెల్టు పెట్టి వెళ్ళిపోయారు. దొంగల్లో కూడా నాలాంటివాడు ఒకడుంటాడని అప్పుడు తెలిసింది. బావ తలుపు సరిచేసుకుని, గోడ మీంచి పనిముట్లు దించుకుని, టైముకి సైటుకి వెళ్ళాడు.

ఇప్పుడు నాకు రెండు కార్లు పట్టే గరాజ్ ఉంది. అందులో నేనెప్పుడూ నడవని ట్రెడ్‌మిల్లు ఉంది. చుట్టాలొస్తే హోటలు గది తీసుకుంటారు, ఎవరికీ ఇబ్బంది ఉండకూడదని. నిజమే, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎవరి కోసం ఎవరు మంచులో కూర్చున్నారో తెలుసుకునే అవసరం కూడా లేదు. కాపలాకి కెమెరాలున్నాయి, వాటికి నిద్ర లేదు, చలి లేదు, బావమరుదులు అసలే లేరు.

చక్రం తిరగడం ఆగి వీడియో వచ్చింది. కొడుకు ఇంట్లో ఉంటున్న మా బావ, డెబ్భై దాటిన మనిషి, మూడు అలారాలున్న వ్యాన్ పక్క సీట్లో, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. కొడుకు ఊళ్ళో లేడు, సామాను లోపలుంది. ఆయన లెక్క ఆయనది. కొంతసేపు ఏమీ జరగలేదు. తరువాత, ఈ వేళప్పుడు చూసేది ఎవరో తెలిసినట్టు, తల పైకెత్తి కెమెరాలోకి చూసి, పాతికేళ్ళుగా తాను ఊపనేలేదని వాదిస్తున్న ఎడం చెయ్యి నెమ్మదిగా పైకి తీసి ఊపాడు.

వంటింట్లో ఒక్కణ్ణే నిలబడి, నేనూ చెయ్యి ఊపాను.