కృష్ణవేణప్ప నేర్పిన భయం

బిలాస్‌పూర్ మంగ్లా పేటలో మా ఇంటి పక్క స్థలంలో అపార్ట్‌మెంటు కట్టబోతున్నారు. పొద్దున్నే పాత గోడల్ని పగలగొట్టే యంత్రం మొదలవుతుంది. ముందు వరసగా కొన్ని దెబ్బలు, కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత చెవి పక్కన రేకు డబ్బా పెట్టి ఎవరో బాదుతున్నట్టు ఎడతెగని మోత. మొదటిరోజు అది వినగానే వంటింట్లో ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబడిపోయాను. కుడి భుజం దానంతట అదే లోపలికి ముడుచుకుంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన శ్రీను కాఫీ తాగుతున్నవాడల్లా నా వైపు చూసి, "ఏటయింది?" అన్నాడు. "స్కానింగ్ మెషీన్ మోతలా ఉంది. భయమేస్తోంది," అన్నాను. ఒకప్పుడైతే ఏమీ లేదని పొయ్యి వైపు తిరిగిపోయేదాన్ని. ఆ మాట పైకి అనడం నాకు ఒక మనిషి నేర్పింది. పేరు కృష్ణవేణి. ఈ ఊరి మీదుగా పోయే రైళ్లలో చాలా ఏళ్లు టికెట్లు తనిఖీ చేసిన మనిషి. మా ఇద్దరికీ రక్తసంబంధం లేదు. ఇద్దరికీ ఒకే రకం గడ్డ, అంతే.

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చారు. మూడో తరంలో నేను పార్సిల్ ఆఫీసులో క్లర్కునయ్యాను. మా పాప హారిక ఇంకా బడికి వెళ్లని వయసులో ఉండగా, ఒకరోజు దానికి పిలక వేస్తుంటే నా కుడి చెయ్యి పైకి లేవలేదు. భుజం వెనక ఏదో గట్టిగా తగిలింది. నాగపూర్‌లో ఆపరేషన్ చేసి కాన్సర్ కాదన్నారు. మా అత్తగారు కాలనీ అంతా మిఠాయి పంచారు. అది మళ్లీ వచ్చింది. మళ్లీ కోశారు. మళ్లీ వచ్చింది. డెస్మాయిడ్ అంటారట. ఒంట్లో మిగతా చోట్లకి పాకదు. కానీ ఉన్నచోటనే కండలోకి, నరాల్లోకి వేళ్లు తన్నుకుని పెరుగుతుంది. చాలా కొద్దిమందికే వస్తుంది. "కాన్సర్ కాదన్నారు కదా, మరింకేటి నీ బెంగ?" అనేవారు మా అత్తగారు. ఆమె ధైర్యం చెబుతున్నాననే అనుకునేవారు. నాకు మాత్రం భయపడే హక్కు కూడా లేదేమో అనిపించేది. స్నానానికి వెళ్లిన ప్రతిసారీ ఎడమ చేతి వేళ్లు వెనక్కి పోయి భుజాన్ని తడిమేవి. నిన్నటికన్నా పెద్దదయిందా, లేక నా వేళ్లకే అలా అనిపిస్తోందా అని నీళ్లు చల్లారిపోయేదాకా నిలబడేదాన్ని. పాపని కుడివైపు పడుకోబెట్టుకోవడం మానేశాను. దాని చెయ్యి పొరపాటున అక్కడ తగిలి, "అమ్మా, యే క్యా హై?" అని అడుగుతుందేమోనని.

రాయ్‌పూర్‌లో నన్ను చూసే డాక్టరు ఒకసారి, "మీ ఊళ్లోనే ఇదే జబ్బున్న ఆవిడ ఇంకొకరున్నారు. మీకు ఇష్టమైతే మీ నంబరు ఆవిడకి ఇస్తాను," అన్నారు. సరేనన్నాను. ఆవిడ ఫోన్ చేయలేదు. ఆ ఆదివారం రైల్వే కాలనీలో వాకబు చేసుకుని, అప్పట్లో మేముండే క్వార్టర్ గుమ్మంలో నేరుగా వచ్చి నిలబడింది. మంచి పొడగరి, చేతిలో కర్ర, కత్తిరించిన జుట్టు, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడక. వయసులో ఉండగా గుండు విసిరే పోటీల్లో ఆడి, ఆ కోటాలో రైల్వేలో చేరి టీటీ అయ్యారని మా ఆయన తర్వాత చెప్పాడు. పిన్నిగారూ అని పిలిస్తే కర్రతో నేలమీద కొట్టి, "పిన్నేటి? నేనంత ముసలిదానిలా ఉన్నానా? అప్పా అను," అంది. మా వైపు అక్కని అలా పిలుస్తారు. లోపలి గదిలోకి నడిచి తలుపు వేసింది. "ఏదీ, సూపించు." ఏ ఆడమనిషీ నన్ను అంత సూటిగా అడగలేదు. జాకెట్టు పక్కకి జరిపాను. గడ్డ మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. నొక్కలేదు, అయ్యో అనలేదు. తర్వాత మంచం మీద కూర్చుని చీర పైకి తీసి తన తొడ చూపించింది. కుట్ల మీద కుట్లు, కండ తీసేసిన చోట లోతైన గుంట, ఆ గుంట అంచున మళ్లీ ఉబ్బు.

"భయమేస్తందా?" అని అడిగింది.

"లేదప్పా. డాక్టరుగారు ప్రాణానికి భయం లేదన్నారు కదా."

"టికెట్ లేనోళ్లని మొకం సూసి పట్టేదాన్ని. నా దగ్గర అబద్ధాలాడకు. నాకు భయమే. పొద్దున్న లేస్తే దేవుడికి దణ్ణం పెట్టకముందు కాలు తడువుకుంటాను."

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి మా అత్తగారితో శ్రీకాకుళం ఊళ్ల గురించి మాట్లాడుతూ కూర్చుంది. వెళ్లేటప్పుడు వీధి గుమ్మంలో, "గడ్డ నీది, భయం కూడా నీదే. ఎవలో ఒద్దన్నారని మానీకు," అంది.

మా ఊళ్లోనే దయాల్‌బంద్‌లో తమ్ముడి ఇంట్లో ముందు గది ఆమెది. నెలకో ఆదివారం అక్కడికి ఇంకో ఇద్దరు వచ్చేవారు. చాంపా నుంచి సరిత అనే బడి టీచరు, కోర్బా బొగ్గు గనుల్లో పనిచేసే వరంగల్ ఆయన ఒకరు. అందరిదీ ఇదే జబ్బు. నాలుగో మనిషిగా నేను చేరాను. కృష్ణవేణప్ప బియ్యప్పిండితో అట్లలాంటి చీలాలు పోసి టమాటా పచ్చడితో పెట్టేది. ఆ గదిలో ఆమె ఒక్క మాటని ఒప్పుకునేది కాదు. ఎవరైనా "అంతా బాగయిపోతుంది" అంటే చాలు, "నీకెవల్లు సెప్పారు?" అని కసిరేది. కోర్బా ఆయన పొట్ట గోడలో ఉన్న గడ్డ గురించి ఎంతో మామూలుగా చెబుతూ చెబుతూ, చిన్న కొడుకుని ఎత్తుకోవాలంటే భయమని అంటూ సగంలో ఆగిపోయాడు. అచ్ఛా అంటూ సరిత ఆయన ప్లేటులో ఇంకో చీలా వేసింది. నాకు ఆ గదిలోంచి బయటికి వస్తుంటే ధైర్యం వచ్చినట్టు ఎప్పుడూ అనిపించలేదు. భయం అలాగే ఉండేది. కాకపోతే దాన్ని దాచిపెట్టే చాకిరీ మాత్రం కొన్ని గంటలు తప్పేది.

ఆ ఏడే నేను ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. గడ్డ చేతిలోకి దిగే నరాలకి దగ్గరగా వచ్చింది. నాగపూర్ సర్జను ఆలస్యం చేయకుండా కోసేద్దామన్నారు. నరం దెబ్బతింటే చెయ్యి పైకి ఎత్తలేకపోవచ్చని కూడా చెప్పారు. రాయ్‌పూర్ డాక్టరు ఇప్పుడే కోయొద్దు, స్కానింగ్‌లు తీస్తూ గమనిద్దాం, కొన్ని వాటంతట అవే ఆగిపోతాయి అన్నారు. నాకు చెయ్యి పోతుందన్న భయం కన్నా, అది లోపల ఉందని తెలిసి నిద్రపోవడం ఎక్కువ భయంగా ఉండేది. కోయించేసుకుంటానని అప్పతో అన్నాను. ఆమె తన కాలు రాసుకుంటూ చెప్పింది.

"నేనూ అలాగే ప్రతిసారీ కోయించీసుకున్నాను. లోపల ఉంటే ఊపిరాడేది కాదు నాకు. ఆ రోజుల్లో వేరే దారి సెప్పినోళ్లూ లేరు. నిన్ను ఆగమనను, కోయించుకోమనను. నేను డాక్టర్ని కాదు. రాయ్‌పూర్ ఎల్లి ఆయన్నే అడుగు. కానీ భయమేస్తందన్న ముక్క ముందు సెప్పు. అది దాచి మిగతావి అడిగితే ఆయన మిగతావాటికే జవాబు సెప్తాడు."

అలాగే చేశాను. డాక్టరు ఎదురుగా కూర్చుని, అది నాలో ఉందంటే తట్టుకోలేకపోతున్నానని, పాప పక్కన పడుకోలేకపోతున్నానని చెప్పాను. శ్రీను ఆశ్చర్యంగా నా వైపు చూశాడు. అన్నేళ్లలో అతను ఆ మాట వినడం అదే మొదటిసారి. డాక్టరు అప్పటిదాకా కంప్యూటరు తెర చూపిస్తూ మాట్లాడుతున్నవారు, కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. గమనిద్దామంటే వదిలేద్దామని కాదని, పెరిగితే మాత్రలున్నాయని, రెండూ కుదరకపోతేనే కత్తి అని మొదటినుంచీ మళ్లీ చెప్పారు. తిరుగు రైల్లో శ్రీను నా ఎడమ చెయ్యి పట్టుకుని, "నాకూ భయంగానే ఉందే. నువ్వు బేఫికర్‌గా, ఏ బెంగా లేకుండా ఉన్నావనుకుని నేను సెప్పలేదు," అన్నాడు. ఆగుదామనే అనుకున్నాం.

కృష్ణవేణప్ప భయం నేను కళ్లారా చూసింది ఆ తర్వాతే. ఆమె కాలి నొప్పి ఎక్కువై స్కానింగ్‌కి వెళ్లాల్సి వచ్చింది. తోడు రమ్మంది. రాయ్‌పూర్ వెళ్లే పొద్దుటి రైల్లో ఆమె మహారాణిలా కూర్చుంది. టికెట్లు చూడ్డానికి వచ్చిన కుర్ర టీటీ ఆమెని గుర్తుపట్టి కాళ్లకి దణ్ణం పెట్టాడు. అదే మనిషి స్కానింగ్ గది గుమ్మం దగ్గర తలుపు చట్రం పట్టుకుని ఆగిపోయింది. "నేనెల్లను. ఆ గొట్టంలో నాకు ఊపిరాడదే. బతికుండగానే నా మీద మన్నెయ్యడమే అది." ఏడాదికోసారి తీయించుకోవాల్సిన స్కానింగుల్ని ఏళ్ల తరబడి ఎగ్గొట్టిందని నాకు అప్పుడు తెలిసింది. మమ్మల్నందరినీ స్కానింగులకి తరిమి తరిమి పంపించిన మనిషి. లోపల మెషీన్ నడిపే అమ్మాయి విసుక్కోలేదు. "ఒంటి మీద ఇనుము, బంగారం ఏమీ లేకపోతే మీరు లోపల నిలబడొచ్చు," అంది నాతో.

మంగళసూత్రం, గాజులు, పిన్నులు అన్నీ తీసి సంచిలో పెట్టి లోపలికి వెళ్లాను. ఆమె తల, భుజాలు గొట్టంలోకి జరిగాయి. అరికాళ్లు మాత్రం నా వైపు ఉన్నాయి. కుడి పాదం పట్టుకున్నాను. మంచులా ఉంది, చెమటతో తడిసి ఉంది. మోత మొదలైంది. చెవుల్లో దూది కుక్కుకున్నా దవడ ఎముకల్లోకి దిగే మోత. నా సొంత స్కానింగుల్లో కళ్లు మూసుకుని పడుకునేదాన్ని. బయట నిలబడితే ఆ గొట్టం ఎంత ఇరుకో తెలిసింది. నాకు పారిపోవాలనిపించింది. ఆమె పాదం వణుకుతోంది, నా చేతులూ వణుకుతున్నాయి. ఏ వణుకు ఎవరిదో తెలియలేదు. మోత ఆగినప్పుడల్లా లోపలినుంచి, "ఉన్నావేటే?" అని వినిపించేది. "ఉన్నానప్పా," అనేదాన్ని. బయటికొచ్చాక ఆమె మొహం కడుక్కుని, "ఇద్దరం పిరికిముండలమే," అంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆమెది పెరగలేదని తేలింది. నాది పెరిగింది. మాత్రలు మొదలుపెట్టారు. అరచేతులు పగిలి చర్మం ఊడొచ్చింది. పార్సిల్ చీటీ చించితే చురుక్కుమనేది. జుట్టు పలచబడింది. అన్నం చూస్తే వికారం. అప్ప వారానికోసారి వచ్చి నా కుర్చీ పక్కన కూర్చుని చేతులకి వెన్న రాసేది. పనిచేస్తుందో లేదో తెలియని మందు మింగడమంత భయం ఇంకోటి లేదని నేనంటే, "అవును," అనేది. ఏడాది తిరిగేసరికి గడ్డ పెరగడం ఆగింది. పోలేదు, తగ్గనూ లేదు. ఆగింది. డాక్టరు మాత్రలు ఆపి గమనిద్దామన్నారు. అప్ప ఆ మాట విని నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఆగింది కదా. సాల్లే," అంది.

ఆ వానాకాలం ఆమె పోయింది. గడ్డ వల్ల కాదు. పొద్దున టీ తాగుతుండగా మెదడులో రక్తనాళం చిట్లింది. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. అంతకాలం కాలు తడుముకుంటూ భయపడిన మనిషికి అసలు దెబ్బ ఎప్పుడూ తడిమి చూడని చోటునుంచి వచ్చింది. దాని మీద నాకు కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. దయాల్‌బంద్ ఇంట్లో సరిత, కోర్బా ఆయన, నేను గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఆమె బంధువులకి మేమెవరమో తెలియదు. ఎవరో అడిగితే ఆమె తమ్ముడు, "అప్ప మనుషులు," అని చెప్పాడు.

ఇప్పుడు ఆ ఆదివారాలు మా ఇంట్లో జరుగుతున్నాయి. గడ్డ నా భుజంలో అలాగే ఉంది. హారిక దాని మీద చెయ్యి వేసే నిద్రపోతుంది, దానికి అన్నీ చెప్పాను. స్కానింగ్ దగ్గరపడితే ఇప్పటికీ నాకు తిండి సహించదు. ఈ మధ్య రాయ్‌పూర్ డాక్టరు నన్నడిగి నా నంబరు రాయ్‌గఢ్‌లో ఒకమ్మాయికి ఇచ్చారు. పెళ్లి కుదిరిన పిల్ల, మెడ పక్కన గడ్డ, ఒకసారి కోశాక మళ్లీ వచ్చిందట. హిందీలో, ఎవరూ వినకుండా మాట్లాడుతున్న గొంతుతో, "దీదీ, ఇది ఎప్పటికైనా పోతుందా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను. "నాకు సోమవారం స్కానింగ్ ఉంది. ఇన్నేళ్లయినా చాలా భయంగా ఉంది," అని నిజమే చెప్పాను. ఆ పిల్ల గట్టిగా ముక్కు చీదుకోవడం వినిపించింది. ఆ తర్వాత, "దీదీ, సోమవారం మీరు లోపలికి వెళ్లేముందు నేను ఫోన్ చేయనా?" అంది.

చెయ్యమన్నాను.