హేమమాలిని టీచరు ఎమ్మెల్యే అయ్యాక

హేమమాలిని రాయపురంలో ఒక కార్పొరేషన్ బడిలో తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెప్పేది. ఒక వానాకాలం డ్రైనేజీ నీళ్లు తరగతి గదుల్లోకి వచ్చి ఎన్నాళ్లయినా పోలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయి, ఆమె బెంచీలు నడిరోడ్డు మీద వేయించి అక్కడే పాఠం మొదలుపెట్టింది. బస్సులు ఆగిపోయాయి. సాయంత్రానికల్లా నీళ్లు తోడే మోటార్లు వచ్చాయి.

ఆ తరువాత పార్టీ ఏరియా కార్యదర్శి చిన్నస్వామి ఇంటికొచ్చాడు.

"మన వార్డు ఈసారి ఆడోళ్లకి వచ్చిండాది టీచరమ్మా. నువ్వు నిలబడితే ఎదురే లేదు."

పోటీ చేయాలంటే ఉద్యోగం వదులుకోవాలి. భర్త శివరామ్ ఒక్కటే అడిగాడు. "ఓడిపోతే మళ్లీ బడికి పోయేదానికి లేదు గదా?"

"గెలిస్తే ఆ బడినే బాగు చేస్తానండీ" అంది.

గెలిచింది. కౌన్సిలరుగా బడికి కొత్త పైపులు వేయించింది, ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించింది. ఆ పేరు మీదే అసెంబ్లీ టికెట్టు వచ్చింది, అదీ గెలిచింది. ఆమెకు ఊపిరాడకుండా పోయింది అక్కడినుంచే. సభలో ఏం మాట్లాడాలో పార్టీ పైవాళ్ల నుంచి వచ్చేది. టీచర్ల ఖాళీల గురించి ఒకసారి సొంతంగా అడిగినందుకు, ఆ సమావేశాల్లో ఆమెకు మళ్లీ మైకు దొరకలేదు.

ఒకరోజు బడిలో వంట చేసే మునియక్క పరుగున వచ్చింది.

"అమ్మా, మన ఆటస్థలం కొలిచిపోయినారు. చేపల గోడౌను కడతారంట. పిల్లోళ్లు యాడ ఆడుకునేది?"

"నాకు తెలీదు మునియక్కా."

"నీకు తెలీకుండా ఈడ ఏం జరగతాదమ్మా?"

హేమమాలిని నేరుగా చిన్నస్వామి దగ్గరికి వెళ్లి, రాజీనామా చేస్తానంది.

"చెయ్యి. గోడౌను ఆగతాదా? ఇంకొకడు వస్తాడు, బడి కూడా పోతాది. నువ్వుంటే బడి కట్టడమన్నా మిగలతాది."

అందులో అబద్ధం లేదు. అదే ఆమెను కదలనివ్వలేదు.

గోడౌను శంకుస్థాపన రోజు మంత్రి తాపీ అందించబోతే, ఆమె వద్దని చేతులు జోడించి వెనక్కి తగ్గింది. "మేడంకు చెయ్యి నొప్పి" అని మైకులో చిన్నస్వామి నవ్వేశాడు. మరునాడు పేపర్లో, మంత్రికి నమస్కరిస్తున్న ఎమ్మెల్యే బొమ్మ పడింది. మునియక్క మళ్లీ ఆమె గడప తొక్కలేదు.

"నువ్వు తాపీ ముట్టలేదు, నేను చూసినాను" అన్నాడు శివరామ్.

"మీకు తెలిసి ఏం లాభం?"

గోడౌను లేచింది. పిల్లలు వరండాలో ఆడుకుంటున్నారు. మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి నిలబడనని చెప్పడానికే ఆమె పార్టీ ఆఫీసుకు వెళ్లింది.

"గోడౌను పెంచాలంటా ఉండారు" అన్నాడు చిన్నస్వామి, టీ గ్లాసు ఆమె ముందుకు జరుపుతూ. "బడి కట్టడం పడగొట్టాలంట. నువ్వుండావనే ఆపిపెట్టినారు."

ఆమె కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. టీ గ్లాసు పక్కకు నెట్టింది.

"నామినేషన్ ఎప్పుడు?" అని అడిగింది.