ఒక్క చెలమ దోమలు

మూడేళ్ల కిందటి వేసవి. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల మధ్య ఇరుక్కున్న భవనంలో, నాలుగో అంతస్తులో మా ల్యాబ్. కింద బస్సులు దిగేవాళ్లంతా కోడ్ రాయడానికి వెళ్తే, నేను దోమల డీఎన్ఏ చదవడానికి వెళ్తాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్‌వాళ్లు డ్రైనేజీలో దోమలు పెరిగినా నాకే ఫోన్ చేస్తున్నారు.

అప్పుడొచ్చిన పని ఇది. గోదావరి అడవుల్లో ఒక వాగు. ఇవతలి గూడేల్లో మలేరియా మోసే అడవి దోమ, దోమతెరలకు పూసే మందుకు లొంగడం మానేసింది. కొత్త మందు తెరలు తక్కువ ఉన్నాయి. రెండు ఒడ్డుల దోమలూ జత కడుతుంటే ఆ లొంగని గుణం అవతలికీ పాకుతుంది, అక్కడా కొత్త తెరలు ఇవ్వాలి. వేరువేరు మందలైతే అవతలివాళ్లు ఈసారికి పాతవాటితో సర్దుకోవచ్చు. తేల్చాల్సింది నేను.

డీఎన్ఏ పోలికలను చుక్కలుగా చూపించే పటాన్ని మేము పీసీఏ ప్లాట్ అంటాం. ఇవతలి చుక్కలు చెల్లాచెదురుగా, అవతలివి ఒకచోట ముద్దగా పడ్డాయి. ఇంత తేడా ఉంటే వేరువేరు మందలే అనుకుని సంతకం పెట్టి రిపోర్టు పంపేశాను. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకు అనుమానమేమిటి?

మరుసటి వారం లక్ష్మయ్య వచ్చాడు. అడవిలో నీటి గుంటల్లోంచి దోమ పిల్లలను పట్టి, స్పిరిట్ పోసిన సీసాల్లో తెచ్చేది ఆయనే. హఫీజ్‌పేట్‌లో రైలు దిగి ఆటోలో వచ్చి, నీళ్లు తాగి అడిగాడు.

"మేడం, అవతలి గూడెంల మా బిడ్డ ఉంటది. ఆళ్లకు కొత్త తెరలు వస్తయా?"

"ఈసారి అక్కర్లేదు లక్ష్మయ్యా. ఆ వైపు దోమలే వేరు" అని గొప్పగా స్క్రీన్ మీది ఆ ముద్దను చూపించాను.

ఆయన కాసేపు చూశాడు. "గీ ముద్దంత అవతలియేనా? గివన్ని ఒక్క చెలమల పట్టినయే గద మేడం."

"ఒక్క చెలమేంటి?"

"ఎండలకు గుంటలన్ని ఎండినయ్. తాగే నీళ్లకు వాగు ఇసుకల తవ్వుకున్న చెలమ ఒక్కటే మిగిలింది. యాభై తెమ్మన్నరు, అండ్లనే యాభై పట్టిన."

"మరి ఫారంలో రాయలేదేం?"

"ఫారంల ఊరి పేరు అడిగిన్రు. రాసిన."

ఆ ఫారం తయారుచేసింది నేనే.

ఒక్క చెలమలో పిల్లలంటే ఒకరిద్దరు తల్లుల సంతానం. ఎవరో పుప్పాలగూడ వచ్చి మా ఫ్లాట్‌లో మా ఐదుగురినే చూసి, ఈ ఊరందరికీ కడపలోని మా నాన్న ముక్కే ఉందని రాసినట్టు రాశాను నేను. ఆ మధ్యాహ్నమే కిన్‌షిప్ టెస్ట్ చేశాను, అంటే ఎవరెవరు తోబుట్టువులో తేల్చే లెక్క. దాదాపు అన్నీ అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములే.

పని ఇచ్చిన అధికారికి వెంటనే ఫోన్ చేశాను.

"రేపు కొత్త తెరల లిస్టు ఫైనల్ అండి. ఇప్పుడు చెబితే ఎలా?" అన్నాడాయన.

"రేపటిలోపే చెబుతున్నాను కదండీ. తప్పు నాది. అవతలి గూడేలను లిస్టులోంచి తీయకండి."

"అదే మెయిల్‌లో రాసివ్వండి" అన్నాడు. రాసిచ్చాను. సిగ్గేసింది.

వానలు పడ్డాక లక్ష్మయ్య రెండు ఒడ్డులా ఇంటికొకటి చొప్పున గోడల మీది పెద్ద దోమలను పట్టి తెచ్చాడు. ఈసారి చుక్కలన్నీ కలిసిపోయాయి. వాగు దోమలకు అడ్డమే కాదు. కొత్త తెరలు రెండు ఒడ్డులకూ వెళ్లాయి.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. అన్ని మెతుకులూ ఒకే కుండలో ఉన్నప్పుడే ఆ మాట చెల్లుతుంది. ఇప్పుడు కంప్యూటర్ తెరిచే ముందు, పట్టినవాళ్లను ఎక్కడ పట్టారని అడుగుతాను. ఫారంలో దానికో గడి కూడా పెట్టాను. మొన్న వచ్చిన పెట్టెలో ఒక సీసాకు లక్ష్మయ్య రాసిన చీటీ ఉంది: "అవతలి ఒడ్డు. బిడ్డ ఇల్లు. కొత్త తెర బయట."