ఎస్తేరు టీచర్ – మూడు బాణపు గుర్తులు

మొన్న మంగళవారం పొద్దున కామారెడ్డిలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే కాలేజీకి బయలుదేరుతుండగా ఎల్లారెడ్డి నుంచి నా సహాధ్యాయి గంగాధర్ ఫోన్ చేసి, మా లెక్కల టీచర్ ఎస్తేరమ్మ నిద్రలోనే కన్నుమూశారని చెప్పాడు. ఇలాంటి వేళ దుఃఖం ముందు రావాలి. నాకు ముందు సిగ్గు వచ్చింది. నాలుగు నెలల క్రితం ఆమె చేసిన ఆఖరి ఫోన్‌కు నేనిచ్చిన జవాబు గుర్తొచ్చి, వేసుకుంటున్న చెప్పులు విప్పేశాను.

ఎల్లారెడ్డి చుట్టుపక్కల బడుల్లో జీవితమంతా గణితబోధనకే అంకితం చేసిన ఆ విదుషీమణి కూలినాలి చేసుకునే ఇంట పుట్టారు. పెండ్లి చేసుకోలేదు. గంభీరమైన కంఠం, గంజిపెట్టిన నూలుచీర, చేతిలో ఎర్ర సిరా పెన్ను. బెత్తం మాత్రం ఎన్నడూ పట్టలేదు.

లెక్క తప్పితే మొత్తం కొట్టేసే అలవాటు ఆమెకు లేదు. తప్పు ఎక్కడ మొదలైందో వెతికి, సరిగ్గా ఆ అంకె చుట్టూ చిన్న సున్న చుట్టేవారు. అంతవరకూ చేసింది ఒప్పేనని దాని అర్థం. "తప్పు చేసినోడు చెడ్డోడు కాదు బిడ్డా, దాచినోడు చెడ్డోడు" అనేవారు. తన తప్పులకూ అదే న్యాయం. నిన్న బోర్డు మీద పొరపడ్డానని తెలిస్తే, ఇవాళ అదే లెక్క మళ్లీ రాసి అందరి ముందూ తానే సున్న చుట్టుకునేవారు.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒకటి నుంచి ఇరవై వరకూ వరుసగా గుణిస్తే ఎంతొస్తుందని ఎవరో అడిగారు. టీచర్ ఆ పీరియడంతా బోర్డు నిండా గుణించి, పంతొమ్మిది అంకెల సంఖ్య తేల్చారు. మేము నోరు వెళ్లబెట్టి రాసుకున్నాం. ఎనిమిది అంకెల క్యాలిక్యులేటర్‌కు అది అందదు. సరిచూసే దారి లేక ఆమెకు అది ఒప్పో తప్పో అన్న అనుమానం అలాగే మిగిలిపోయింది. పిల్లలకు తప్పు చెప్పి పంపానేమోనన్న చింత రిటైరైనా వదల్లేదని ఆమె చెల్లెలు రూతమ్మ చెప్పేది.

నిరుడు ఒక పెండ్లికి ఎల్లారెడ్డి వెళ్లి టీచర్ ఇంటికీ పోయాను. మేనల్లుడు వదిలేసిన పాత కంప్యూటర్ ఒకటి గుడ్డ కప్పుకొని ఉంది. ఇందులో పెద్ద గుణకారాలు చేయొచ్చా అని అడిగారు. నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వేసిచ్చి, షెల్ అనే కిటికీ తెరిచాను. మనం ఒక వరుస కొట్టి ఎంటర్ నొక్కితే అది వెంటనే జవాబు చెబుతుంది. రెండు, మూడు కలిపి చూపించాను. ఐదు అని రాగానే ఆమె మొహం వెలిగిపోయింది. పెండ్లిలో భోజనాలు మొదలవుతున్నాయని నాకు ఒకటే తొందర. తెర మీద ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద గిలికి, అలాగే కొట్టమని ఇచ్చి వచ్చేశాను.

నా చదువు మండిపోను! ప్రతి వరుస మొదట్లో ఆ షెల్ మూడు బాణపు గుర్తులు (>>>) తానే పెట్టుకుంటుంది, ఇక నువ్వు చెప్పు అన్నట్టు. వాటిని మనం కొట్టకూడదు. కొడితే ఆ వరుసే చెల్లదని ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. నేను వాటిని కూడా కాగితంలో రాశాను. ఇచ్చిన లెక్కను పొల్లు పోకుండా ఎక్కించడమే పద్ధతిగా బతికిన మనిషి, వాటిని కూడా కొట్టారు.

ఫోన్ చేశారు. "శీను, ఎర్ర అక్షరాలు వస్తున్నయి బిడ్డా. నాకే ఎర్ర సిరా పెడుతున్నది ఇది" అని నవ్వారు. మీరు సరిగ్గా కొడతలేరు టీచర్ అన్నాను. ఏం కొట్టారో చదవమని అడగలేదు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. అంతటితో ఆగానా? ఆమె గొంతు అనుకరించి స్టాఫ్‌రూమ్‌లో నలుగురినీ నవ్వించాను. రోజూ అరవై మందికి ఇదే పాఠం చెప్పే ఘనుణ్ణి నేను. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మూడోసారి చేసినప్పుడు, "ఈ వయసుల మీకెందుకు టీచర్ ఇదంతా, మంచిగ టీవీ చూసుకోండి" అన్నాను. "గట్లనా? సరే బిడ్డా" అని పెట్టేశారు. మళ్లీ చేయలేదు.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక రూతమ్మ నన్ను ఇంటికి పిలిచి, ఇందులో నీ పేరున్నదని ఒక నోటుబుక్కు చేతిలో పెట్టింది. పేజీల నిండా నా కాగితంలోని వరుసలే, మూడు గుర్తులతో సహా. ప్రతిదాని పక్కనా ఎర్ర సిరాతో "తప్పు నాదే. మళ్లీ చెయ్యాలె" అని ఉంది. ఎన్ని పేజీలో చూడలేకపోయాను. ఒకచోట ఆ మూడు గుర్తుల చుట్టూ సున్న, దాని కింద ఇలా ఉంది: "ఇవి సిస్టమే పెట్టుకుంటది. మనం కొట్టొద్దు. కాగితంల శీను యాదిమరిచి రాసిండు. వానికి చెప్పొద్దు. పిల్లలకు చెప్పేటోడు, సిగ్గుపడతడు."

తర్వాతి పేజీలో ఒకటి నుంచి ఇరవై వరకూ గుణకారం, షెల్ ఇచ్చిన జవాబు, పైన ఆనాడు బోర్డు మీద రాసిన సంఖ్య. రెండంకెలు తారుమారయ్యాయి. వాటికి సున్న చుట్టి, "ఆ క్లాసు పిల్లలకు చెప్పాలె" అని రాసుకున్నారు. చెప్పేంత వ్యవధి ఆమెకు దొరకలేదు.

ఆమె తరఫున నేను చెబుతున్నాను. ఆ తొమ్మిదో తరగతిలో కూర్చున్న మిత్రులారా, మీ పాత నోటుబుక్కు ఉంటే తీసి దిద్దుకోండి. ఎనిమిది తర్వాత ఏడు, ఒకటి కాదు; ఒకటి, ఏడు. జీవితంలో ఏ తప్పునూ దాచని ఆ మహనీయురాలు ఒక్కటే దాచారు, అది నాది. అలాంటి గురువు మా ఎల్లారెడ్డికి మళ్లీ దొరకరు.

టీచర్, మీ పాదాలకు నమస్కరించి ఒక్క మాట. మీరు సున్న కాగితం మీద చుట్టారు. నా తప్పు మొదలైంది అక్కడ కాదు. మీ ఫోన్ మోగుతుంటే చూసి కూడా ఎత్తలేదు చూడండి, అక్కడ చుట్టుకుంటున్నాను.